కిన్‌లారిక్ ప్రభువుల బల్లగుడ్డ

మా చర్చి సంఘంలో పాటలు పాడే కీర్తనకు పోయిన నెలలో ఉద్యోగం వచ్చింది. కుటుంబాల పాత చరిత్ర వెతికిపెట్టే ఆఫీసులో. నేను రిటైరయ్యేదాకా ఈ న్యూజిలాండులో చేసిన పని అదే, ఆ ఆఫీసులోనే. హాబ్సన్‌విల్ నుంచి ఫోన్ చేసింది.

"వందనాలు అంకుల్. జాబ్ వచ్చింది. కానీ అసలు రోజంతా ఏం చేస్తారు అక్కడ?"

"పోయినవాళ్లను వెతుకుతారమ్మా."

"దొరుకుతారా?"

"వాళ్లు దొరుకుతారు. వాళ్లకోసం వచ్చే బతికున్నవాళ్లతోనే కష్టం."

"అయితే రాసిపెట్టండి అంకుల్. తెలుగు మెల్లగా చదువుతా, కానీ చదువుతా."

అందుకని రాస్తున్నాను. జీతం, ప్రమోషన్, సెలవులు, ఫైళ్లు, వీటి సంగతి ఆఫీసువాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనివి నేను చెబుతాను.

నా పేరు యేసురత్నం. తెనాలి దగ్గర పుట్టాను. లేఖనాలలో వంశావళులు వచ్చినచోట చాలామంది పేజీలు తిప్పేస్తారు. మా సండే స్కూలులో ఆ పేర్లన్నీ తడుముకోకుండా ఒప్పజెప్పినవాడికి మరమరాల ఉండ ఇచ్చేవారు. నేను చాలా ఉండలు తిన్నాను. దేవుడు అంతమంది పేర్లు పనిగట్టుకుని రాయించాడంటే ఆయనకు ఆ మనుషుల మీద శ్రద్ధ ఉందన్నమాట. ఆనాడు అలా నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను. ఈ పనికి నేను తెచ్చుకున్న అర్హత అదే. గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పిన అనుభవం తరవాతిది.

జోయిస్

పాపకూర ఊళ్లో, మెయిన్ రోడ్డు మీద బేకరీ పైన మా ఆఫీసు. బాసు పేరు జోయిస్. పొడుగు మనిషి, ఎండాకాలంలో కూడా స్వెటరు. దేవుణ్ణి నమ్మదు, కస్టమర్లను అసలే నమ్మదు. ఇక్కడివాళ్లు మాట్లాడేది ఇంగ్లీషే గాని, నాకు చేతనైన తెలుగులో పెడుతున్నాను.

మొదటి రిపోర్టు నేను చాలా భక్తిగా రాశాను. ఫలానావాడు ఫలానావాడిని కనెను, ఆ ఫలానావాడు ఇంకొకడిని కనెను, ఇలా ఏడు పేజీలు. చివర ఒక ప్రార్థన. జోయిస్ చదివి కళ్లజోడు తీసింది.

"రత్నం, ఎవరు ఎవరిని కన్నారో అర్థమైంది. చివర్లో ఇదేమిటి?"

"ఆ కుటుంబం కోసం ప్రార్థన."

"వాళ్లు నాస్తికులు."

"తెలుసు. అందుకే కొంచెం పొడుగ్గా రాశాను."

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తరవాత చెప్పిన మాట నువ్వు గుర్తుపెట్టుకో కీర్తనా. "రికార్డు ఏం చెబుతోందో ఒక పేరాలో రాయి. నీకేమనిపిస్తోందో ఇంకో పేరాలో రాయి. ఆ రెండింటినీ ఒకే పేరాలో కాపురం పెట్టించకు."

ప్రార్థన మానలేదు. కాగితం మీద రాయడం మాత్రం మానేశాను.

కస్టమర్లు

మనిషికి తన వంశంలో ఒక రాజు కావాలి. రాజు లేకపోతే కనీసం ఉరితీయబడినవాడు కావాలి. రోజూ పొలానికి వెళ్లి వచ్చి, ముసలితనంలో జలుబు చేసి పోయిన తాత ఎవరికీ అక్కర్లేదు. నా సర్వీసులో నేను వెతికిన తాతల్లో ముప్పాతిక మంది అలాంటివాళ్లే.

ఒకాయన తన ముత్తాత ఇంగ్లండులో ఒక డ్యూక్ కొడుకని వచ్చాడు. వెతికితే గొర్రెల దొంగ. ఈ మాట ఎలా చెప్పాలా అని ముందురోజు నేను ఉపవాసం ఉన్నాను. ఆయన విని బల్ల చరిచి నవ్వాడు. "దొంగా! ఎన్ని గొర్రెలు?" అని అడిగి, ఆ సాయంత్రమే స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. ఇది గొర్రెల దేశం. ఆ దొంగకు ఇక్కడ డ్యూక్ కన్నా గౌరవం ఎక్కువ.

మనవాళ్లు అలా కాదు. మన తెలుగాయనే ఒకరు వచ్చి, "మా తాతగారికి రెండు పెళ్లిళ్లండీ. ఆ రెండో పెళ్లి లేకుండా రాయండి," అన్నారు.

"మీరు రెండో ఆవిడ మనవడే కదండీ?"

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "అయితే మొదటి పెళ్లి తీసేయండి."

ప్రభువులు

ఇక అసలు కేసు. నా పనిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క కేసులోనే ఉంది. అందులో సగం వంటగదిలో నేర్చుకున్నాను.

స్కాట్లండులో కిన్‌లారిక్ అని ఒక ప్రభువుల వంశం. వాళ్ల సంతతి న్యూజిలాండులో బాగానే ఉంది. ఏటా ఒకసారి చేరి, గళ్ల పావడాలు కట్టుకుని, భోజనం చేసి, పూర్వీకుల తిరుగుబాట్ల గురించి చెప్పుకుంటారు. రెండున్నర శతాబ్దాల పైమాట. అప్పట్లో దేశంలోంచి వెళ్లగొట్టిన పాత రాజవంశాన్ని తిరిగి తేవాలని స్కాట్లండు కొండల ప్రభువులు రెండుసార్లు లండన్ ప్రభుత్వం మీద లేచారు. మొదటిది పదిహేడువందల పదిహేనులో, రెండోది పదిహేడువందల నలభైఅయిదులో. రెండుసార్లూ ఓడిపోయారు.

కిన్‌లారిక్‌వాళ్లు తిరుగుబాటు చేసిన తీరు మాత్రం నేను మరెక్కడా చదవలేదు. మొదటిసారి బయలుదేరేరోజున జెండా చాకలి దగ్గర ఉండిపోయింది. ప్రభువుగారు భోజనం బల్ల మీది గుడ్డ లాగి కర్రకు కట్టారు. దాని మీద అప్పటికే ఒక ఎర్రటి మరక ఉంది. పొగమంచులో దారి తప్పి, యుద్ధం ముగిసిన మర్నాడు అక్కడికి చేరారు. ఎవరితో యుద్ధం చేయాలో తెలియక, గెలిచినవాళ్లను దారి అడిగారు. వాళ్లు బందీలుగా పట్టుకుని దారి చూపించారు.

ఆ బల్లగుడ్డ ఇంకా ఉంది. ఓడలెక్కి పాపకూర దాకా వచ్చింది. ఇసబెల్ అనే తొంభై ఏళ్ల పెద్దావిడ ఇంట్లో, బిస్కెట్ల డబ్బాలో. మరక వీరుల రక్తమని వంశమంతా నమ్మకం. అది గొడ్డుమాంసం పులుసని జోయిస్ నమ్మకం.

ఇసబెల్‌కు పిల్లలు లేరు. ఆమె తర్వాత ఆ గుడ్డ ఇద్దరిలో ఒకరికి పోవాలి. ఒకరు అలిస్టర్, పక్కనే టకానినిలో ఉంటాడు, రైలు నడిపి రిటైరయ్యాడు. ఇంకొకరు ఫియోనా, హాబ్సన్‌విల్‌లో ఉంటుంది, పళ్ల డాక్టరుగా చేసి రిటైరయింది. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. చిన్నప్పుడు సెలవుల్లో ఇద్దరినీ ఇసబెలే సాకింది. ఇద్దరికీ వరసకు అత్త. ఆమె తండ్రి వైపు అలిస్టర్, తల్లి వైపు ఫియోనా.

గొడవ ఏమిటంటే, ఆ కాలపు కిన్‌లారిక్ అన్నదమ్ములు ఇద్దరు. అన్న జేమ్స్, తమ్ముడు హ్యూ. అలిస్టర్ జేమ్స్ సంతతి, ఫియోనా హ్యూ సంతతి. మా జేమ్స్ తిరుగుబాటు వీరుడు, మీ హ్యూ ప్రభుత్వం పంచన చేరి అన్న భూములు మింగిన ద్రోహి అని అలిస్టర్ అంటాడు. మా హ్యూనే వీరుడు, మీ జేమ్సే తమ్ముడి భూములు మింగాడు అని ఫియోనా అంటుంది. దీని మీద ఇద్దరూ మాటలు మానేశారు. ఏటా భోజనానికి వస్తారు, చెరో మూల బల్ల దగ్గర కూర్చుంటారు. ఉప్పు కావాలన్నా మూడో మనిషి చేత అడిగించుకుంటారు.

ఇసబెల్ మా ఆఫీసుకు చేతికర్రతో మెట్లెక్కి వచ్చింది.

"ఎవరు వీరుడో తేల్చు, అబ్బాయీ," అంది. నాకప్పుడు అరవై దాటాయి. "తేలకపోయినా ఫర్వాలేదు. నేను పోయేలోపు వాళ్లిద్దరూ నా బల్ల దగ్గర కూర్చుని ఒక్కపూట తినాలి. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న పిల్లలు."

ఆమెకు కావలసింది అంతే.

తీర్పు

నేను సంఘ పెద్దను. అన్నదమ్ముల గొడవలు, అత్తాకోడళ్ల గొడవలు చాలా తీర్చాను. చిక్కుడుకాయల వంటకం కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్న అన్న కథ మీద ఎన్నో ప్రసంగాలు చేశాను. కనుక జోయిస్‌తో చెప్పకుండా నేనే రంగంలోకి దిగాను. ఇద్దరినీ ఇసబెల్ ఇంటికి పిలిపించి, ఎదురుగా బల్లగుడ్డ పరిచి, గంభీరంగా అన్నాను: "ఒక పని చేద్దాం. దీన్ని సగానికి కోద్దాం. చెరో ముక్క తీసుకోండి."

లేఖనాలు చదివినవాళ్లకు నా ఉద్దేశం తెలుస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు నా బిడ్డంటే నా బిడ్డని తగవుకొస్తే, పసివాణ్ణి రెండు చేయమని రాజు అన్నాడు, అసలు తల్లి వద్దని ఏడ్చింది. ఎవరు ముందు వద్దంటారా అని నేను ఇద్దరి ముఖాలూ చూశాను.

"మంచి ఆలోచన," అన్నాడు అలిస్టర్.

"నా దగ్గర టేపు ఉంది," అంది ఫియోనా, బ్యాగులోంచి తీస్తూ.

కొలవడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లు కలిసి చేసిన మొదటి పని అది. మరక మధ్యలోంచి పోయేలా నీలం చాక్‌పీసుతో గీత గీశారు. ఏటా జరిగే భోజనం రోజున అందరి ఎదుట కోయాలని ఒప్పందం. ఇసబెల్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"కోసుకోండి," అంది చివరికి. "ముందు ఆ రోజు దాన్ని నా బల్ల మీద పరచండి. నేను దాని మీద అన్నం తిన్నాకే కత్తెర."

ఆఫీసులో జోయిస్ అడిగింది.

"కత్తెర సలహా ఎక్కడిది?"

"లేఖనాల్లోది."

"అక్కడ పనిచేసిందా?"

"చేసింది."

"అక్కడివాళ్లు స్కాట్లండువాళ్లు కాదుగా."

కీర్తనా, వాక్యం తప్పు కాదు. దాన్ని ఎవరి ముందు విప్పుతున్నామో చూసుకోకపోవడం తప్పు.

రెండు ఆరాధనలు

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సంఘం రెండయింది. నువ్వప్పుడు హైస్కూల్లో ఉన్నావు. సంగతి డ్రమ్స్. ఆరాధనలో డ్రమ్స్ ఉండాలని సగం మంది, హార్మోనియం చాలని సగం మంది. పాపకూరలో మనం అద్దెకు తీసుకునే హాలులోనే పొద్దున హార్మోనియం ఆరాధన, మధ్యాహ్నం డ్రమ్స్ ఆరాధన. నేను హార్మోనియం వైపు గట్టిగా నిలబడ్డాను. అలా విడిపోయిన మొదటి ఆదివారం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సువార్తమ్మ చీర మార్చుకుని బయలుదేరుతోంది.

"ఎక్కడికి?"

"డ్రమ్స్‌కి."

"సువార్తా! నేనక్కడ పెద్దను. నువ్వు వాళ్ల వైపు వెళితే నా పరువేం కాను?"

"మీ పరువు పొద్దున సంగతండీ. నేను వెళ్లేది మధ్యాహ్నం," అంది, చెప్పులు తొడుక్కుంటూ. "ఏమండీ, రెండువైపులా మన మనిషి ఉండాలి. రేపు ఎవరు నెగ్గినా హాలు వంటగది తాళం చెవి మనింట్లోనే ఉండాలి. గ్రేస్ వాళ్లాయన డ్రమ్స్‌లో ఉన్నాడు, గ్రేస్ మీ దాంట్లో కూర్చుంది. చూడలేదా?"

అప్పటిదాకా చూడలేదు. మర్నాడు లెక్క వేసుకుంటే ప్రతి ఇంట్లోనూ అదే. భర్త ఇటయితే భార్య అటు. సంఘం రెండయింది గాని ఒక్క ఇల్లూ రెండు కాలేదు. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు కూడా ఒక్కటే జరిగేది, ఎందుకంటే పెద్ద బిర్యానీ గిన్నె ఒక్కటే ఉంది.

సోమవారం రైల్లో వెళుతుంటే తట్టింది. కిన్‌లారిక్‌వాళ్లు చేసింది కూడా ఇదేనేమో. ఒకడు తిరుగుబాటులోకి, ఒకడు ప్రభుత్వంలోకి. ఎవరు నెగ్గినా తాళం చెవి ఇంట్లోనే.

జోయిస్‌కు చెప్పాను.

"ఆధారం?"

"నా భార్య."

"ఆవిడ స్కాట్లండులో భూములు చూసిందా?"

"లేదు. మధ్యాహ్నం ఆరాధనకు వెళ్లింది."

"రత్నం, రెండో పేరా," అంది జోయిస్. "ముందు మొదటి పేరా తీసుకురా."

భూముల రికార్డులు తెప్పించి చూశాం. మొదటి తిరుగుబాటులో లేచినవాడు అన్న జేమ్స్. ప్రభుత్వం అతని భూములు లాక్కుని, విధేయుడైన తమ్ముడు హ్యూకు ఇచ్చింది. జేమ్స్‌కు క్షమాభిక్ష రాగానే హ్యూ ఆ భూములన్నీ అన్నకు తిరిగి రాసిచ్చాడు. ముప్పై ఏళ్లకు రెండో తిరుగుబాటు. ఈసారి లేచినవాడు తమ్ముడు హ్యూ, అదే బల్లగుడ్డ పట్టుకుని. విధేయుడు అన్న జేమ్స్. మళ్లీ భూములు, ఈసారి హ్యూవి, లాక్కోవడం, మళ్లీ అన్నకివ్వడం, మళ్లీ తమ్ముడికి తిరిగి రావడం. ఇద్దరూ వీరులే, ఇద్దరూ విధేయులే. వంతులు వేసుకున్నారు. అలిస్టర్‌వాళ్లు మొదటి తిరుగుబాటు కథ చెప్పుకున్నారు, ఫియోనావాళ్లు రెండోది చెప్పుకున్నారు. ఏ తిరుగుబాటు అని ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎందుకంటే మాటల్లేవు. నాకంటే ముందు ఈ కేసు చూసిన పెద్ద చదువులవాళ్లూ ఇదంతా చదివారట. వీరుడెవరు అన్న ప్రశ్నే వేశారు గాని, తిరిగి ఎందుకు ఇచ్చేస్తున్నారు అని అడగలేదు.

సంతోషంగా ఇద్దరినీ పిలిచి చెప్పాను. స్తుతి గీతం ఒక్కటే తక్కువ.

"అంటే మా జేమ్స్ సగం ద్రోహియా?" అన్నాడు అలిస్టర్.

"ద్రోహి కాడండీ. ఇద్దరూ కలిసి అనుకుని..."

"మా హ్యూ వీళ్ల తాతతో కలిసి అనుకున్నాడా?" అంది ఫియోనా. ఆమెకు అదే పెద్ద అవమానంగా తోచింది. "కత్తెర నేను తెస్తాను."

నిజం తెలిస్తే మనుషులు కలుస్తారనుకోవడం ఈ వృత్తిలో అందరూ చేసే పొరపాటు. నిజం మన పని. కలపడం వేరే పని, దానికి వేరే సరుకులు కావాలి.

వంటగది

కిన్‌లారిక్‌వాళ్ల భోజనం కూడా మన హాలులోనే. అదే శనివారం మన ప్రేమవిందు వెనక గదిలో. హాలు అద్దెకిచ్చేవాళ్లు ఇద్దరికీ ఒకేరోజు ఇచ్చేశారు. మధ్యలో వంటగది ఒక్కటే.

వాళ్ల విందుకు ముఖ్యమైన వంటకం హగ్గిస్. గొర్రె గుండె, కార్జం సన్నగా కొట్టి, ఓట్స్ కలిపి, సంచిలో కుక్కి ఉడికించే పదార్థం. చూడటానికి చిన్న దిండులా ఉంటుంది. దాన్ని పళ్లెంలో పెట్టి, బ్యాగ్‌పైప్ అనే తిత్తిబూర ఊదుతూ ఊరేగించి, దాని ఎదుట ఉపన్యాసం చదివి, కత్తితో పొడుస్తారు. అప్పుడు లోపలిది బయటికి ఉబుకుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఆ ఏడాది బూర అలిస్టర్ వంతు, కత్తి ఫియోనా వంతు.

ఫియోనా నాలుగు హగ్గిస్‌లు తెచ్చి వంటగదిలో ఇచ్చి, "కాస్త వేడి చేస్తారా, ప్లీజ్?" అని సువార్తమ్మకు చెప్పి వెళ్లింది. ఆ తర్వాత జరిగింది నాకు గ్రేస్ చెప్పింది. గ్రేస్‌ది వరంగల్ వైపు, టకానినిలో డెయిరీ నడుపుతుంది, అంటే పాల వ్యాపారం కాదు, వీధి చివర చిల్లర కొట్టు.

సువార్తమ్మ ఒకటి కోసి రుచి చూసింది.

"గ్రేస్, ఇది చూడు. బోటిలాగా లేదూ?"

"గిదేంది అక్కా, ఉప్పు లేదు, కారం లేదు. పేషెంటుకు పెట్టినట్టుంది."

"పాపం, ఆ ముసలావిడకు తొంభై ఏళ్లట. ఇవాళ ఆఖరిసారి అందరితో తింటానందట. ఆవిడకు ఇది పెడతామా?"

"మా ఇంట్ల అయితే పెట్టం."

మిగతా మూడింటి పైసంచులు కూడా ప్యాకింగ్ అనుకుని చింపి పారేశారు. పొద్దున ఆరాధన ఆడవాళ్లూ మధ్యాహ్నం ఆరాధన ఆడవాళ్లూ చేతులు కలిపారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, పసుపు, గరంమసాలా, ఓట్స్ కాబట్టి నూనె కాస్త ధారాళంగా. చివర కొత్తిమీర. చుట్టూ నిమ్మకాయ చెక్కలు.

హాలులో నేను ఇసబెల్ బల్ల పక్కన నిలబడి ఉన్నాను. బల్ల మీద ఆ గుడ్డ, గుడ్డ మీద నీలం గీత, గీత పక్కన కత్తెర. ఆమె ఒక్కతే కూర్చుంది. అటూ ఇటూ రెండు కుర్చీలు ఖాళీ. తలుపు తెరుచుకుంది. అలిస్టర్ బూర ఊదుతూ వచ్చాడు. వెనక సువార్తమ్మ, పట్టుచీర, తలమీద కొంగు, చేతిలో పొగలు కక్కే స్టీలు బేసిన్. అందరూ లేచి నిలబడ్డారు. ఫియోనా ఉపన్యాసం చదివి, కత్తి పైకెత్తి, బేసిన్‌లోకి చూసింది.

పొడవడానికి ఏమీ లేదు.

కత్తి అలాగే గాలిలో ఉండిపోయింది. అలిస్టర్ కూడా చూశాడు. చంకలోని తిత్తి మెల్లగా దిగిపోతూ దూడ అరిచినట్టు చాలాసేపు అరిచింది.

"ఇది హగ్గిస్ కాదు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకే మాట మీద నిలబడ్డారు.

"ఏం చేశారు దీన్ని?" అన్నాడు అలిస్టర్.

"వండాం," అంది సువార్తమ్మ. ఆవిడ ఇంగ్లీషు తక్కువ గాని గట్టిది.

"అది ముందే వండింది!" అంది ఫియోనా.

"ఎవరు? ఎవరో సగం వండి వదిలేశారు. మేం పూర్తి చేశాం."

"మూడొందల ఏళ్ల సంప్రదాయం, మేడమ్!" అన్నాడు అలిస్టర్. ఫియోనా అతని పక్కకు వచ్చి, "సరిగ్గా చెప్పావు, అలిస్టర్," అంది. అతను ఆమె వైపు చూశాడు. పేరు పెట్టి పిలిచిందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

నేను మనసులో ప్రార్థన చేస్తున్నాను. ఏమని చేయాలో కూడా తెలియలేదు.

అప్పుడు చెంచా చప్పుడు వినపడింది. ఇసబెల్ తింటోంది. ఒక చెంచా తిన్నది, ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు తుడుచుకుంది. మళ్లీ పెట్టమన్నట్టు పళ్లెం ముందుకు తోసింది.

"తొంభై ఏళ్లుగా హగ్గిస్ తింటున్నాను," అంది. "మన తాతలు ఎందుకు తిరుగుబాటు చేశారో ఇప్పుడర్థమైంది. ఇంట్లో భోజనం అలా ఉండేది. కూర్చోండి ఇద్దరూ."

"అత్తా, అసలు సంగతేమిటంటే..."

"అలిస్టర్. కూర్చో. ఫియోనా, కత్తి కింద పెట్టు, భయంగా ఉంది."

కూర్చున్నారు. మొదట వాసన చూశారు. తర్వాత నాలుక చివరతో చూశారు. తర్వాత చెంచా నిండా తీసుకున్నారు. అలిస్టర్ ముఖం ఎర్రబడింది, ఫియోనా అతని గ్లాసులో నీళ్లు పోసింది, మధ్యలో మూడో మనిషి లేకుండా.

మరక

ఇక్కడితో అయిపోతే నేను దీన్ని ప్రసంగంలో చెప్పుకునేవాణ్ణి. కానీ బేసిన్‌లో ఆఖరి గరిటెడు మిగిలింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెట్టారు. బేసిన్ ఒరిగింది. పసుపు నూనె, సరిగ్గా నీలం గీత మీద, పాత మరక పక్కనే, అరచేయంత పడింది.

అలిస్టర్ పరిగెత్తి వంటగదిలోంచి సబ్బు తెచ్చి రుద్దాడు.

సబ్బు తగిలితే పసుపు ఏమవుతుందో మనిళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. వాళ్లకు తెలియదు. మరక వాళ్ల కళ్లముందే ఎర్రగా, నెత్తురులా మారింది.

"రక్తం!" అన్నాడు అలిస్టర్, సబ్బు వదిలేసి.

కిన్‌లారిక్ వంశమంతా వెనక్కి ఒక అడుగు వేసింది. ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. ఫియోనా ఒక కొస, అలిస్టర్ ఒక కొస పట్టుకుని ఇంకా రుద్దారు. ఇంకా ఎర్రబడింది. "నువ్వలా లాగకు!" "నువ్వు గట్టిగా పట్టుకో!" "చిన్నప్పటి నుంచీ నీకు ఓపిక లేదు!" "నీకు మాత్రం ఉందా?" ఇసబెల్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కత్తెర ఎప్పుడో బల్ల కిందికి జారిపడింది, ఎవరూ వంగి తీయలేదు.

సువార్తమ్మ బేసిన్‌లోంచి ఒక నిమ్మచెక్క తీసి, వాళ్లిద్దరినీ పక్కకు జరిపి, మరక మీద పిండింది. ఎరుపు మెల్లగా తగ్గి మళ్లీ పసుపయింది. హాలంతా "ఓ" అంది.

అలిస్టర్ మెల్లగా నా చెవిలో అడిగాడు. "రత్నం, ఆవిడ ఇప్పుడు ప్రార్థన చేసిందా?"

సంఘ పెద్దగా అవునందామని నాకు చిన్న శోధనే వచ్చింది. కాని అబద్ధం ఆడలేదు. "లేదండీ. నిమ్మకాయ."

గుడ్డ కోయలేదు. ఇప్పుడు ఒక ఏడాది టకానినిలో ఉంటుంది, ఒక ఏడాది హాబ్సన్‌విల్‌లో. వంతులు. ఆ వంశానికి అది అలవాటే. ఏటా భోజనానికి హగ్గిస్ రెండు రకాలు ఉంటాయి, ఒకటి పొడవడానికి, ఒకటి తినడానికి. ఇసబెల్ మొన్న కూడా రెండుసార్లు పెట్టించుకుంది, అటొకరు ఇటొకరు కూర్చుని ఉండగా. మన డ్రమ్స్ గొడవ సంగతి నీకు తెలుసు, ఇప్పుడు రెండో పాటకు వాయిస్తారు, నాలుగో పాటకు హార్మోనియం. తాళం చెవి మా ఇంట్లోనే ఉంది.

జోయిస్ ఆ కేసు మూసేటప్పుడు రిపోర్టు చదివి, ఏమీ దిద్దకుండా సంతకం చేసింది. తర్వాత, "నిమ్మకాయ మాట మొదటి పేరాలో పెట్టు," అంది.

కీర్తనా, నువ్వు కూర్చోబోయే కుర్చీ దగ్గరికి ఎప్పుడో ఒకరోజు అలిస్టర్, ఫియోనాల మనవలు ఆ గుడ్డ పట్టుకుని వస్తారు. ముఖాలు గంభీరంగా పెట్టుకుని, "ఎర్రమరక వీరుల రక్తమని మాకు తెలుసు. ఈ పసుపుపచ్చనిది ఏ యుద్ధంలోది?" అని అడుగుతారు. అప్పుడు నవ్వకు. వాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, రికార్డు ఏం చెబుతోందో ముందు చెప్పు: మా సువార్తమ్మ ఆంటీది, శనివారం మధ్యాహ్నం, అందరూ కలిసి తిన్నారు. నీకేమనిపిస్తోందో ఆ తర్వాత చెప్పు.